ఇతను ఇంకా లోపల ఎందుకున్నాడు?

1968 జూన్ 3న బిహార్‌లోని ముజఫర్‌పూర్ సెషన్స్ కోర్టు రుదుల్ సాహ్ అనే ఖైదీని నిర్దోషి అని తేల్చింది. కోర్టు వదిలింది కానీ జైలు వదల్లేదు. అతను బయటికొచ్చింది 1982 అక్టోబరు 16న. పద్నాలుగేళ్లు దాటిపోయాయి. ఎందుకు ఉంచారయ్యా అని సుప్రీంకోర్టు అడిగితే, అతనికి మతి స్థిమితం లేదని జైలు అధికారి అఫిడవిట్ వేశాడు. దానికి ఆధారం చూపలేదు. పోనీ అదే నిజం అనుకుందాం. బాగానే ఉన్నాడని సివిల్ సర్జన్ 1977 ఫిబ్రవరిలోనే రాసిచ్చాడు. ఆ తర్వాత కూడా ఐదున్నరేళ్లు లోపలే ఉన్నాడు.

1983లో కోర్టు ఇప్పించిన మొత్తం, ప్రభుత్వం అప్పటికే ఇచ్చిన 5 వేలతో కలిపి, 35 వేల రూపాయలు. లెక్క వేసి చూశాను. రోజుకు ఏడు రూపాయలు కూడా పడలేదు. అయినా అది చిన్న తీర్పేమీ కాదు. ప్రాథమిక హక్కు పోయినందుకు ప్రభుత్వం డబ్బు కట్టాలని రిట్ పిటిషన్‌లోనే (హక్కుల కోసం నేరుగా పెద్ద కోర్టులో వేసే దరఖాస్తు) సుప్రీంకోర్టు ఆదేశించడం అప్పుడే మొదలైంది. ఆ కేసు వాదించిన లాయరు పేరు కపిలా హింగోరాణీ.

ఆమె 1927లో నైరోబీలో పుట్టారు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో లా చదివి, భారత్‌కు వచ్చి సుప్రీంకోర్టులో ప్రాక్టీసు చేశారు. భర్త నిర్మల్ హింగోరాణీ కూడా అక్కడే లాయరు. 2013లో ఆమె చనిపోయాక వచ్చిన నివాళుల్లో దాదాపు అన్నీ ‘ప్రజాప్రయోజన వ్యాజ్యాలకు తల్లి’ అనే మాటతోనే మొదలయ్యాయి. 2017లో సుప్రీంకోర్టు లైబ్రరీలో ఆమె చిత్రపటం పెట్టారు. అక్కడ ఒక మహిళా లాయరు పటం ఎక్కడం అదే మొదటిసారి.

ఆ బిరుదుతోనే నాకు కొంచెం పేచీ. ఈ రోజు పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) అంటే సినిమా టైటిల్ మీద వేసేదీ అదే, పేపర్లో పేరు రావడానికి వేసేదీ అదే. ఆమెను ఆ గుంపుకంతటికీ తల్లిని చేస్తే అసలు పని మరుగున పడుతుంది. 1979లో ఆమె వేసింది హెబియస్ కార్పస్ పిటిషన్. మనిషిని కోర్టు ముందు నిలబెట్టి, ఇతన్ని ఏ హక్కుతో పట్టి ఉంచారో చెప్పండి అని అడిగే పాత కాలపు రిట్ అది. సమాజాన్ని మార్చమని అందులో అడగలేదు. ఫలానా వ్యక్తి, ఫలానా తేదీ నుంచి లోపల ఉన్నాడు, కారణం చూపించండి అన్నారు, అంతే. ఆమె బలమంతా ఆ ఇరుకు ప్రశ్నలోనే ఉందని నా అభిప్రాయం.

ఆ పిటిషన్‌కు మూలం ఒక పోలీసు అధికారి రాసిన వ్యాసాలు కావడం విశేషం. జాతీయ పోలీసు కమిషన్ సభ్యుడు కె.ఎఫ్. రుస్తుంజీ బిహార్ జైళ్లు చూసొచ్చి, 1979 జనవరిలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో రాశారు. విచారణే మొదలుకాకుండా ఏళ్ల తరబడి జైల్లో మగ్గుతున్న వాళ్ల సంగతి అది. హింగోరాణీ ఆ పేపర్ కటింగ్‌నే ఆధారంగా చేసుకుని సుప్రీంకోర్టుకు వెళ్లారు. మామూలుగా ఖైదీ అయినా రావాలి, అతని బంధువైనా రావాలి. ఈమె ఎవరికీ బంధువు కాదు, ఎవరూ వకాల్తా ఇవ్వలేదు. అసలు తమ పేరున ఢిల్లీలో కేసు పడిందని ఆ ఖైదీలకు ఎలా తెలుస్తుంది? జస్టిస్ పి.ఎన్. భగవతి నేతృత్వంలోని ధర్మాసనం పిటిషన్‌ను విచారణకు తీసుకుంది. హుస్సేనారా ఖాతూన్ కేసు అని లా విద్యార్థులు ఇప్పటికీ చదువుకునేది అదే.

ఆ ఉత్తర్వులు చదువుతుంటే పెద్ద పెద్ద సూత్రాల కంటే తేదీలే ఎక్కువ కలవరపెడతాయి. ఒకతను 1968 నవంబరు నుంచి జైల్లో ఉన్నాడు. కేసు సెషన్స్ కోర్టుకు చేరింది 1972లో. 1979 వచ్చినా విచారణ మొదలుకాలేదు. నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం అప్పటికే జైల్లో గడిపిన వాళ్లు ఎందరో. ఇంకా ఘోరం, ఏ నేరమూ మోపని ఆడవాళ్లు కూడా లోపల ఉన్నారు. వాళ్లు బాధితులు, లేదా సాక్షులు. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాలి కాబట్టి జైల్లో పెట్టి, దానికి ‘రక్షణ కస్టడీ’ అని పేరు పెట్టారు.

కోర్టు ఒక్కొక్కరి లెక్కా అడిగింది. గరిష్ఠ శిక్షా కాలం దాటిన వాళ్లను వెంటనే వదలమంది. ఆ ఆడవాళ్లను సంక్షేమ గృహాలకు పంపమంది. సత్వర విచారణ అనేది రాజ్యాంగంలో ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణం కింద హక్కేనని చెప్పింది. ఆ కేసు ఫలితంగా దేశం మొత్తం మీద దాదాపు 40 వేల మంది విడుదలయ్యారని చెబుతారు.

ఆ తర్వాత బిహార్‌లోనే భాగల్పూర్. పోలీసులు అనుమానితుల కళ్లలో సూదులతో పొడిచి యాసిడ్ పోసిన ఊరు. ముప్పైమందికి పైగా చూపు పోగొట్టుకున్నారు. వాళ్ల తరఫున కూడా హింగోరాణీయే నిలబడ్డారు. ఆ కేసులో నన్ను వదలని విషయం యాసిడ్ ఒక్కటే కాదు. వీళ్లను మెజిస్ట్రేట్ల ముందు హాజరుపరిచినప్పుడు లాయర్ని ఎందుకు పెట్టలేదని అడిగితే, వాళ్లు అడగలేదు కదా అన్నది జవాబు. అప్పుడే కళ్లు పోయిన మనిషి, చదువు లేని మనిషి, ఎదుట ఉన్నది ఎవరో కూడా కనపడని మనిషి నోరు తెరిచి న్యాయ సహాయం కావాలని దరఖాస్తు పెట్టుకోవాలట! అడిగినా అడక్కపోయినా మొదటిసారి హాజరుపరిచిన రోజే ఉచిత లాయరు గురించి మెజిస్ట్రేటే చెప్పాలని సుప్రీంకోర్టు ఆ కేసులోనే తేల్చింది. డబ్బుల్లేవని ప్రభుత్వం తప్పించుకోవడానికి వీల్లేదనీ అంది.

ఇదంతా పాత బిహార్ కథ అనుకుంటే పొరపాటు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్నది 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే కేసు ఇంకా తేలని వాళ్లే. ప్రతి నలుగురిలో ముగ్గురు.

చట్టాలు లేక ఇలా ఉందా అంటే, కాదు. గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపితే బెయిల్ ఇవ్వాలని 2005లోనే సీఆర్‌పీసీలో (పాత నేర విచారణ చట్టం) సవరణ తెచ్చారు. దాని స్థానంలో 2024 జులై నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ 479వ సెక్షన్ అంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడని వాళ్లకు దాన్ని మూడో వంతుకు తగ్గించింది. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మెలికలున్నాయి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులుంటే కూడా వర్తించదు. ఈ రెండోది ఎవరికి బెయిల్ దక్కకుండా చేస్తుందో పోలీస్ స్టేషన్ మొహం చూసిన వాళ్లెవరైనా చెప్పగలరు. ఒక దొంగతనం కేసులో దొరికినవాడి మీద పెండింగ్‌లో ఉన్న మరో నాలుగు దొంగతనాలు రాసెయ్యడం ఎంత పని?

ఇక బెయిల్ వచ్చాక మొదలయ్యే బాధ వేరు. ఆర్డర్ చేతికొస్తుంది, ష్యూరిటీ (పూచీ ఉండే మనిషి) దొరకదు. ఇంటి పన్ను రసీదు ఉన్న బంధువు కావాలి, వాడు కూలి మానుకుని కోర్టుకు రావాలి. 1978లోనే జస్టిస్ కృష్ణయ్యర్ ముందుకు ఒక తాపీ మేస్త్రీ కేసు వచ్చింది. మెజిస్ట్రేట్ పది వేలకు పూచీ అడిగాడు. అన్నదమ్ముడు ముందుకొస్తే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని కొట్టేశాడు. బెయిల్ వచ్చి నెలైనా పూచీ పెట్టలేకపోతే కోర్టే షరతులు సడలించే విషయం ఆలోచించాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పాల్సి వచ్చిందంటే, ఆ మేస్త్రీ కథ నలభై ఐదేళ్లుగా నడుస్తూనే ఉందన్నమాట. పేద ఖైదీల పూచీకత్తు కోసం కేంద్రం ఒక పథకం పెట్టింది, మొదట్లో విచారణ ఖైదీకి 40 వేల దాకా అన్నారు. మంచిదే. కానీ ఆ డబ్బు ఎవరికి అవసరమో లోపల ఎవరో ఒకరు జాబితా రాయాలి కదా.

చిక్కంతా అక్కడే. హక్కు కాగితం మీద ఉంది, రోజులు లెక్కపెట్టే మనిషి లేడు. కొత్త చట్టం ఆ పనిని జైలు సూపరింటెండెంట్‌కు అప్పగించింది. గడువు పూర్తికాగానే కోర్టుకు ఆయనే రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి. రుదుల్ సాహ్ విషయంలో జైలు కాగితాలు ఎలా నడిచాయో చూశాక, ఒక్క సూపరింటెండెంట్ మీదే భారం వేసి ఊరుకోవడం నాకు నమ్మకంగా అనిపించదు. ప్రతి జిల్లాలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. దాని ప్యానెల్ లాయర్లలో ఒకరిద్దరికి నెలకోసారి జైలు రిజిస్టర్ తెరిచి తేదీలు చూసే పని మాత్రమే ఇస్తే చాలు. వాదనలు అక్కర్లేదు, కూడికలు తీసివేతలు వస్తే సరిపోతుంది.

రిమాండ్ పొడిగించే కాగితం మీద కూడా రెండు గడులు పెట్టొచ్చు. ఇప్పటికి లోపల ఉన్నది ఎన్ని రోజులు, ఈ సెక్షన్ కింద మూడో వంతు ఎన్ని రోజులు. ఆ రెండు అంకెలూ నింపకుండా మెజిస్ట్రేట్ సంతకం పెట్టడానికి వీల్లేకుండా చెయ్యాలి.