మెటాలికా బెంగళూరు కచేరీ: అక్కడ నిలబడి విన్నవాడి మాట

రాక్ కచేరీలో చెవులు చిల్లులు పడే రొద తప్ప సంగీతం వినపడదని, వెళ్లేవారు ఇయర్ ప్లగ్గులు పెట్టుకోవాలని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. వ్యాసకర్త మొదటి అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అమెరికన్ హెవీ మెటల్ రాక్ బృందం మెటాలికా భారతదేశంలో తొలిసారి కచేరీ చేసినప్పుడు, హైదరాబాదు నుంచి రాత్రి బస్సులో వెళ్లి, వానకు బురదమయమైన ఆ మైదానంలో గంటల తరబడి నిలబడిన వేలాది మందిలో నేనూ ఒకణ్ణి. రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో జరగవలసిన కచేరీ రద్దయింది కనుక, దీపాలు ఆరేదాకా మాకు నమ్మకం కుదరలేదు. వారి 'క్రీపింగ్ డెత్' పాట మొదలవగానే డ్రమ్ముల దెబ్బ చెవికంటే ముందు గుండెకు తగిలింది.

అయితే నా మనసులో నిలిచిపోయింది ఆ హోరు కాదు. 'నథింగ్ ఎల్స్ మేటర్స్' ఆరంభంలో ఒంటరి గిటారు తీగలు మోగుతుండగా నా చుట్టూ ఉన్నవారంతా సద్దుమణిగి, ఆ వెంటనే ఒక్క గొంతుతో పాట అందుకున్న క్షణం. పక్కనున్న అపరిచిత యువకుడు కళ్లు మూసుకుని ప్రతి మాటా పాడాడు, చెంపల మీది కన్నీళ్లు తుడుచుకోలేదు. త్యాగరాజ కృతి వింటున్నప్పుడు మా నాన్నగారి ముఖంలో నేను చూసిన తన్మయత్వమే అది.

చెవుల్లో గుయ్యిమనే మోత మర్నాటి సాయంత్రానికి గానీ తగ్గలేదు కాబట్టి, ఇయర్ ప్లగ్గులు పెట్టుకోవాలన్న వ్యాసకర్త సలహా మాత్రం పాటించదగినది.