ఒక్క మిల్లీమీటరు వాపు

సాయంత్రం ముక్కు కారుతూ ఆడుకున్న రెండేళ్ల పిల్లవాడు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి, కుక్క మొరిగినట్టు దగ్గుతాడు. గొంతు బొంగురుపోయి ఉంటుంది. ఏడుపు మధ్య గాలి పీల్చినప్పుడల్లా గీరినట్టు ఒక శబ్దం. కంగారులో పెద్దల చేయి దగ్గుమందు సీసా మీదికే పోతుంది. ఆ సీసాతో ఇక్కడ పని లేదు. ఇబ్బంది దగ్గులో లేదు, గాలి వెళ్లే దారిలో ఉంది. ఈ జబ్బు పేరు క్రూప్.

పసిబిడ్డ గొంతులో ఆ దారి అతి ఇరుకైన చోట సుమారు 4 మిల్లీమీటర్లు. వైరస్ వల్ల లోపలి పొర చుట్టూరా 1 మిల్లీమీటరు వాచిందంటే మిగిలేది 2. దారి వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది, గాలికి అడ్డు లెక్క ప్రకారం 16 రెట్లవుతుంది. 8 మిల్లీమీటర్ల దారి ఉన్న పెద్దవారికి అంతే వాపు వస్తే అడ్డు సుమారు 3 రెట్లవుతుందంతే. తండ్రికి నాలుగు తుమ్ములతో పోయిన జలుబు బిడ్డను ఆస్పత్రికి చేర్చేది ఇందుకే. పైగా స్వరపేటిక కింది మృదులాస్థి నిండు ఉంగరం. వాపు బయటికి జరిగే వీలు లేదు, లోపలికే రావాలి.

క్రూప్ ఎక్కువగా పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్ పని. ఏడాది లోపు బిడ్డకు ఆర్‌ఎస్‌వీ (రెస్పిరేటరీ సిన్సిషియల్ వైరస్) సోకితే ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాల్లో ఇరుకు ఏర్పడవచ్చు. అది బ్రాంకియోలైటిస్. వాపుకు తోడు రాలిన కణాలూ కఫమూ గొట్టాలను పూడుస్తాయి, గాలి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయి. ఆస్తమా ఉన్నవారిలో మామూలు జలుబు వైరస్ కూడా గొట్టాల చుట్టూ ఉండే కండరాన్ని బిగిస్తుంది.

పైకి అన్నీ ఆయాసమే. అయినా క్రూప్‌కు ఒక్క మోతాదు డెక్సామెథసోన్ చక్కగా పనిచేస్తే, బ్రాంకియోలైటిస్‌కు అదే స్టెరాయిడ్ అక్కరకు రాదు. నెబ్యులైజర్‌తో తుంపరగా పీల్పించే సాల్బుటమాల్ బిగిసిన కండరాన్ని సడలిస్తుంది కానీ పూడికను తీయదు. యాంటీబయాటిక్‌కు వైరస్ లొంగనే లొంగదు. పిల్లికూత వినగానే అందరికీ ఒకే నెబ్యులైజర్ తగిలించడం నా దృష్టిలో వైద్యం కన్నా తృప్తి కోసం చేసే పని.

క్రూప్ బిడ్డ నోరు బలవంతంగా తెరిపించి టార్చి వేసి చూడకూడదు. ఏడ్చేకొద్దీ ఇరుకులో గాలి సుడి తిరిగి ఊపిరి మరింత కష్టమవుతుంది. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని డొక్కలు చూడాలి. ఊపిరి తీసినప్పుడల్లా అవి లోపలికి లాక్కుపోతున్నా, బిడ్డ పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. అంతసేపూ వినిపించిన శబ్దం ఆగిపోయి బిడ్డ మగతగా ఒరిగిపోతే ‘నెమ్మదించాడు’ అనుకుంటారు. శబ్దం పుట్టడానికి కావలసినంత గాలి కూడా అప్పుడు ఆడటం లేదు.