క్వాంటం మిషన్ వారికి శివారు ఆయకట్టు నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ జాతీయ క్వాంటం మిషన్ వారి సముఖమునకు,

కోనసీమలో కాలువ చిట్టచివర, మా చేను దాటితే ఇక ఉప్పునీరే అన్నచోట, మూడెకరాలు చేసుకునే రైతు రాసుకునే అర్జీ ఏమనగా. అర్జీలు మాకు కొత్త కాదండి. సోమవారం వచ్చిందంటే కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఒకటి ఇచ్చి, రసీదు పుచ్చుకుని, పెసరట్టు తిని వచ్చేయడం అలవాటే. ఢిల్లీకి రాయడం మాత్రం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి, ఒప్పులుంటే ఫైల్లో పెట్టేయండి.

అణువులు, వెలుగు కణాల వింత నడతతో కంప్యూటర్లు, సందేశాలు, కొలతలు సాధించడానికి తమరు 2023 ఏప్రిల్ 19న పుట్టారు. 2030-31 దాకా ఖర్చు పెట్టుకోమని కేంద్ర మంత్రివర్గం తమ పేర 6003.65 కోట్లు రాసిచ్చింది. అంతకుముందు 2020 బడ్జెట్టులో ఇదే పనికి ఐదేళ్లలో 8 వేల కోట్లన్నారు. మూడేళ్లు తిరిగేసరికి కోట్లు తగ్గాయి, ఏళ్లు పెరిగాయి. మేమేం అనుకోలేదు. బ్యారేజీ దగ్గర వదిలిన నీరు మా దాకా వచ్చేసరికి ఏమవుతుందో చూసినవాళ్లం. కాకపోతే ఆ చివరి 65 లక్షలు అంత కచ్చితంగా ఎవరు లెక్కగట్టారో గానీ, ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి మా పంట నష్టాలు రాసే సెక్షన్‌కి డిప్యుటేషన్ మీద పంపించండి.

తమరికి నాలుగు హబ్బులున్నాయి. కంప్యూటింగ్ బెంగళూరు ఐఐఎస్‌సీలో, కమ్యూనికేషన్ ఐఐటీ మద్రాసులో, సెన్సింగ్ ఐఐటీ బొంబాయిలో, మెటీరియల్స్, పరికరాలు ఐఐటీ ఢిల్లీలో. మాకు దగ్గర్లో అంటే అమరావతి. అక్కడ క్వాంటం వ్యాలీ కడతామని, ఐబీఎం వారి 156 క్యూబిట్ల క్వాంటం కంప్యూటరు దింపుతామని 2025లో ప్రకటించారు. అది కృష్ణ ఒడ్డు. పట్టిసీమ మోటార్లు పెట్టినప్పటి నుంచి మా గోదారి నీళ్లు అటే పోతున్నాయి, ఇటు ఒక్క ఫోటానైనా, అదే ఒక్క వెలుగు కణమైనా, తిరిగి రాకపోతుందా అని చూస్తున్నాం. మా ఊళ్లో ఒకాయన క్వాంటం అన్న మాట విని కొబ్బరితోట బేరం పెట్టి అటువైపు స్థలం కొన్నాడు. తమరి ప్రభావం మా గ్రామం మీద ఎంత పడిందని ఎవరైనా రిపోర్టు అడిగితే, ఇప్పటికి అదొక్కటే రాసుకోండి.

ఇన్ని సంగతులు నాకెలా తెలిశాయంటారా? మా మేనల్లుడు ఇలాంటి ల్యాబు ఒకదాంట్లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఫోటాన్లని ఒక్కొక్కటిగా వదలడం, ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం వాడి పని. లెక్కపెట్టే డిటెక్టర్‌లో వెంట్రుక కన్నా ఎంతో సన్నటి తీగ ఉంటుందట. దాన్ని మైనస్ 270 డిగ్రీల దాపున ఉంచుతారు. ఒక్క ఫోటాన్ తగిలితే చాలు, ఆ చోట కాస్త వేడెక్కి కరెంటుకి అడ్డం పడుతుంది, లెక్కలో ఒకటి పడుతుంది. "అంత చిన్నదాన్ని కూడా వదలం మావయ్యా" అని వాడు చెబుతుంటే, మా అక్క అందుకుని, "ధాన్యం బస్తాలు లెక్క చూడరా అంటే మాత్రం ఏనాడూ కళ్లం వైపు రాలేదు" అంది.

ఫోటాన్లని ఒక్కొక్కటిగా పంపేది ఎందుకంటే, తాళం చెవుల కోసం. 1984లో బెన్నెట్, బ్రసార్డ్ అనే ఇద్దరు కనిపెట్టిన ఉపాయం. రహస్య సందేశానికి తాళం వేసే అంకెల్ని ఒంటరి ఫోటాన్ల మీద పంపుతారు. దారిలో ఎవడైనా దొంగచూపు చూస్తే ఫోటాన్ స్థితి మారిపోయి, చివర లెక్కల్లో తప్పులు పెరిగి దొరికిపోతాడు. తమరు పుట్టకముందే మనవాళ్లు ఈ పని మొదలెట్టారు. 2020లో హైదరాబాదులో రెండు డీఆర్‌డీఓ ల్యాబుల మధ్య చేశారు, 2021లో ఇస్రో అహ్మదాబాదులో 300 మీటర్లు గాలిలో పంపింది, 2022లో ప్రయాగ్‌రాజ్ నుంచి వింధ్యాచల్ దాకా వంద కిలోమీటర్ల పైన ఫైబర్‌లో నడిపారు. మెచ్చుకోవలసిందే. ఇక తమరి లక్ష్యం 2 వేల కిలోమీటర్లు.

చిక్కు ఇక్కడే ఉందండి, మాకు బాగా తెలిసిన చిక్కు. ఫైబర్‌లో 15 కిలోమీటర్లు పోయేసరికి ఫోటాన్లలో సగం ఉండవు. వంద కిలోమీటర్లకి నూటికి ఒకటి మిగులుతుంది. రెండొందలకి పదివేలకి ఒకటి. ధవళేశ్వరం హెడ్ స్లూయిస్ దగ్గర వదిలిన నీరు మా బోదెలోకి వచ్చే లెక్క కూడా ఇంచుమించు ఇదే. ఎగువన ఉన్నవాడికి సార్వా, దాళ్వా, చేపల చెరువు, మధ్యలో ఉన్నవాడికి సార్వా, దాళ్వా, మాకు వంతు. మామూలు ఇంటర్నెట్‌కైతే మధ్యలో ఆంప్లిఫయర్ పెట్టి బలం పెంచుతారు. ఒంటరి ఫోటాన్‌కి అది కుదరదు, ఎందుకంటే తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం అసాధ్యమని 1982లోనే తేల్చేశారు. (మండలాఫీసు ఎదురుగా జిరాక్సు షాపు నడిపే మా బావమరిదికి ఈ సంగతి చెబితే పాపం ఆ పూట అన్నం సయించలేదు.)

అంచేత తమరు దారి పొడవునా ట్రస్టెడ్ నోడ్లు పెడతారు. తాళం చెవిని అక్కడ ఒకసారి విప్పి, మళ్లీ కొత్త ఫోటాన్ల మీద కట్టి ముందుకి పంపుతారు. ఫోటాన్లకి దారిలో భౌతికశాస్త్రం కాపలా. నోడు గదిలో మాత్రం మనిషే కాపలా, ఆ మనిషిని నమ్మాలి.

అయ్యా, ఇవి లాకులండి! కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలెట్టి 1852కి పూర్తి చేశాడు. అప్పటి నుంచి మా బతుకంతా లాకుల మీదే నడుస్తోంది. తమరికి ఐఐటీలున్నాయి గానీ, ట్రస్టెడ్ నోడ్ల విషయంలో మాకున్న అనుభవం ఎవరికుంది? షట్టర్ తాళం కాగితం మీద ఎవరి దగ్గరుంటుందో, నిజంగా ఎవరి దగ్గరుంటుందో మాకు తెలుసు. చీకటి పడ్డాక లాకు దగ్గర ఏ బండి ఆగుతుందో, ఆ బండి వెళ్లాక ఏ తూము రెండంగుళాలు పైకి లేస్తుందో, తెల్లారి గేజీ పుస్తకంలో ఏ అంకె పడుతుందో కూడా తెలుసు. గండి కొట్టినవాడు, గండి పూడ్చినవాడు, గండి మీద ఫిర్యాదు రాసినవాడు ఒక్కడే అయిన కేసులు చూశాం. సలహాదారుగా కాలువ కాపలా కాసిన ఒక్క ముసలి లస్కర్ని పెట్టుకోండి, తమరి నెట్‌వర్కు భద్రం. ముడిపడిన ఫోటాన్ల జంటలతో, దారిలో తాళం చెవి విప్పకుండానే ముందుకి అందించే క్వాంటం రిపీటర్లు వస్తే ఈ మనుషుల బెడద ఉండదని మేనల్లుడు అంటాడు. వచ్చిందాకా లాకు సూపర్నెంటే గతి.

ఇంతకీ నా బాధ ఏమిటంటే, తమరు అంత కష్టపడి తయారుచేస్తున్న సరుకు మా దగ్గర గాదెల నిండా ఉంది. రహస్యానికి మాకు లోటు లేదండి. కాలువలకి నీళ్లు ఎప్పుడు కట్టేస్తారో మాకు ఆఖరి వారం దాకా తెలియదు. బీమా జాబితాలో పేరు ఎందుకు పోయిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఏ ఫోటానూ వాడకుండానే ఇంత పకడ్బందీ. బయటికి చెప్పుకున్న సంగతి చూద్దామంటే, 2011లో కోనసీమ రైతులం పంట విరామం ప్రకటించి సార్వా మానేసి కూర్చున్నాం. అన్ని పేపర్లలోనూ వచ్చింది. ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా పచ్చి తెలుగులో చెప్పాం. అయినా చాలామందికి అది డీకోడ్ కాలేదు.

మాకు కావలసింది రహస్యం కాదు, కొలత. అదీ తమరి ఖాతాలోనే ఉంది, సెన్సింగ్, మెట్రాలజీ అని బొంబాయి హబ్బుకి అప్పజెప్పారు. ప్రసంగాల్లో మాత్రం దానికి ఆఖరి వంతు, మాలాగే.

ధాన్యం సంగతి తీసుకోండి. తేమ 17 శాతం దాటకూడదని రూలు. బరకాల మీద ఆరబెట్టి, కాళ్లతో తిరగేసి, మబ్బు పట్టినప్పుడల్లా పరుగెత్తి కప్పి, రైతు సేవా కేంద్రానికి పట్టుకెళ్తాం. అక్కడి కుర్రాడు మీటరు గిన్నెలో గుప్పెడు గింజలు పోసి మూత బిగిస్తాడు. 17. అదే ట్రాక్టరు, అదే బస్తా, మిల్లు గేటు దగ్గర గుమస్తా మీటరులో 20. దారిలో వాన పడలేదు, బస్తా మీద ఎవరూ ఏడవలేదు. ఆ మూడు శాతానికీ తరుగు తీసేస్తారు. ఒకే వస్తువు ఒకేసారి రెండు స్థితుల్లో ఉండగలదని తమరు అన్ని కోట్లు పెట్టి నిరూపిస్తున్నారు. మిల్లు గేటు దగ్గరికి రండి, కాటా ఖర్చులతో సహా మేం చూపిస్తాం. వెలుగులో ఒక్క ఫోటాన్ తేడా పట్టే దేశానికి, రెండు మీటర్లు ఒకే మాట చెప్పేలా చూడటం కష్టమా?

రెండో కొలత గురించి వెటకారం చేయలేను. మా కాళ్ల కింద గ్యాసు ఉంది. 1995లో పాశర్లపూడి బావి ఎగదన్ని రెండు నెలల పైన మండింది, రాత్రిళ్లు మా వీధుల్లో దీపం అక్కర్లేకపోయింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా కోనసీమలోనే నగరం అనే ఊళ్లో పైపులైన్ గ్యాసు లీకై అంటుకుంటే ఇరవై మందికి పైగా పోయారు. మీథేన్‌కి దానంతట దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. ఒకానొక పరారుణ లేజరు వెలుగుని మాత్రం అది మింగుతుంది. ఆ లేజరు వదిలి, తిరిగొచ్చిన నాలుగు ఫోటాన్లని ఒక్కొక్కటిగా లెక్కపెడితే, ఎక్కడ వెలుగు తగ్గిందో అక్కడ గ్యాసు ఉన్నట్టు. ఎంత తగ్గిందో చూస్తే ఎంత కారుతోందో కూడా తెలుస్తుంది. ఇది కథ కాదు. 2014లోనే జాతీయ క్వాంటం కార్యక్రమం మొదలెట్టిన బ్రిటన్‌లో, బ్రిస్టల్ యూనివర్సిటీ నుంచి పుట్టిన ఒక కంపెనీ ఇలాంటి కెమెరాలు తయారుచేస్తోంది. అంటే మా మేనల్లుడు రోజూ లెక్కపెట్టే ఆ ఫోటాన్లే, కాస్త దారి మళ్లిస్తే, మా కొబ్బరితోటల్లో పైపు ఎక్కడ చిల్లు పడిందో చెబుతాయి. రెండు నగరాల మధ్య రహస్యం పదిలంగా ఉందో లేదో చూసే ఖర్చులో ఓ పిసరు ఇటు పెట్టమని ప్రార్థన.

తమరికి ఒక హెచ్చరిక కూడా ఉందండి, తమ శాస్త్రంలోంచే. మన మలయాళీ సుదర్శన్ గారు, మిశ్రా గారు కలిసి 1977లో ఒక వింత చూపించారు. క్వాంటం వస్తువుని మాటిమాటికీ కొలుస్తూ కూర్చుంటే అది మారవలసినట్టు మారదు, ఉన్నచోటే ఉండిపోతుంది. మా కాలువల పూడిక మీద ఈ ప్రయోగం ఏటా జరుగుతోంది. జీపులు వస్తాయి, ఫోటోలు తీస్తారు, సమీక్ష జరుగుతుంది, గుర్రపుడెక్క ఉన్నచోటే ఉంటుంది. తమరి ల్యాబుల్లో కుర్రాళ్లని నెలనెలా సమీక్షలకి పిలిచి పీపీటీలు చేయించకండి. వాళ్లని కాస్త చూడకుండా వదిలేస్తే ఏదైనా జరుగుతుంది.

కావున తమరు దయయుంచి, సెన్సింగ్ పద్దులోంచి పైపులైన్ల వెంబడి గ్యాసు పట్టే కెమెరాలు నాలుగు పెట్టించవలెననియు, తేమ మీటర్లకి తగువు తీర్చే ప్రమాణం ఒకటి మండలానికి పంపవలెననియు కోరడమైనది. జవాబు మామూలు పోస్టులో పంపండి. ఏ తాళమూ వేయనక్కర్లేదు, దారిలో ఎంతమంది చదివితే అంత మంచిది.

ఇట్లు,
తమ విధేయుడు,
శివారు ఆయకట్టు రైతు

తా.క. పైన చెప్పిన మేనల్లుడికి ఫెలోషిప్ నెలల తరబడి రాలేదు. మెస్ బిల్లుకి మా అక్క కొబ్బరికాయలు అమ్మి పంపుతోంది. ఫోటాన్లకి నకలు తీయకూడదన్నారు గానీ, డబ్బు విషయంలో ప్రకృతి అలాంటి నిషేధమేమీ పెట్టలేదు. ఆంప్లిఫయర్ కూడా పెట్టుకోవచ్చు. ఢిల్లీ నుంచి వాడి ఖాతా దాకా దారిలో ఎన్ని లాకులున్నాయో, ఏ షట్టర్ దిగిందో ఒకసారి చూడగోరుతాను.