దండలేసి వెళ్లిపోతే ఎలా?

మార్చి 3, లోక్‌సభ స్పీకర్‌గా చేసిన జి.ఎం.సి. బాలయోగి గారి వర్ధంతి వస్తే చాలు, కోనసీమలో ఆయన బొమ్మలకి దండలు పడతాయి, నాయకులొచ్చి నాలుగు ముక్కలు మాట్లాడి ఫొటోలు దిగి వెళ్లిపోతారు. మాకు ఒళ్లు మండేది అక్కడే. ఆయనేం చేశారో తెలియాలంటే పంటెక్కి, అదే రేవు దాటించే పెద్ద పడవెక్కి, గోదారి దాటిన పాతవాళ్లని అడగాలి.

1951లో ఆయన పుట్టిన ఎదుర్లంక గోదారి పాయ గౌతమి ఒడ్డున ఉంటది, అవతలొడ్డున యానాం కళ్లకి కనపడతానే ఉంటది గానీ వెళ్లాలంటే రేవులో పడిగాపులే, సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్లికెళ్లే జనం అంతా ఒకే పంటు మీద, గాలేసిందంటే అదీ ఆగిపోయేది. ఆ ఊళ్లో దళిత ఇంట్లో పుట్టినాయన కాకినాడలో ప్లీడరు, చేతికొచ్చిన మెజిస్ట్రేటు ఉద్యోగం కూడా వద్దనుకుని 1987లో తూర్పు గోదావరి జెడ్పీ ఛైర్మన్, 1991లో అమలాపురం ఎంపీ అయ్యారు. 1996లో ఓడారు, ముమ్మిడివరం ఉపఎన్నికలో గెలిచి రాష్ట్రంలో మంత్రయ్యారు. 1998 మార్చిలో ఏకంగా లోక్‌సభ స్పీకర్, ఆ కుర్చీలో తొలి దళితుడు.

ఢిల్లీలో ఆయన పేరెత్తితే 1999 ఏప్రిల్ 17 గుర్తుచేస్తారు. ఆ రోజు వాజ్‌పేయి ప్రభుత్వం మీద విశ్వాస ఓటింగు. కాంగ్రెస్ ఎంపీ గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా సీఎం, ఎంపీ పదవి మాత్రం వదల్లేదు, ఓటెయ్యొచ్చా లేదా అని సభలో ఒకటే గోల, బాలయోగి గారు ఆయన మనస్సాక్షికే వదిలేశారు. 269కి 270, వాజ్‌పేయి ప్రభుత్వం పడిపోయింది. సొంత పార్టీ తెలుగుదేశం మద్దతిచ్చిన ప్రభుత్వమే మరి! పొరపాటు చేశారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు, మాకైతే స్పీకరంటే అలాగే ఉండాలనిపిస్తది.

2002లో కైకలూరు దగ్గర హెలికాప్టర్ చేపల చెరువులో కూలి చనిపోయారు, అప్పటికి 50 ఏళ్లే. యానాం-ఎదుర్లంక వంతెన మీద బస్సులు తిరగడం ఆయన చూడనేలేదు, ఇప్పుడు దానికి ఆయన పేరే. ముమ్మిడివరంలో బస్సెక్కి ఓ కునుకు తీస్తే యానాం వచ్చేస్తది, ఇప్పటి పిల్లలకి పంటు కష్టం చెప్పినా ఎక్కదు.

మరి రైలో? కోటిపల్లి-నరసాపురం లైను, 57 కిలోమీటర్లు, ఆయన ఉండగానే 2000-01లో మంజూరైంది. గౌతమిలో స్తంభాలైతే లేచాయి, రైలు మాత్రం ఇంకా రాలేదు. ఆయన కొడుకు హరీష్ గారు 2024లో అదే అమలాపురం నుంచి ఎంపీగా గెలిచారు, కాబట్టి ఈ సంగతి ఆయన్ని అడక్క ఇంకెవర్ని అడుగుతాం. కోటిపల్లి రేవులో ఇప్పటికీ జనం బైకులు పంటెక్కించి ముక్తేశ్వరం పోతున్నారు, మధ్యలో తలెత్తితే కనపడేవి ఆ రైలు స్తంభాలే.