ఆరు మిల్లీమీటర్ల అపార్ట్‌మెంట్

మా అపార్ట్‌మెంట్‌లో ఇకమీదట గోడకు ఏ చిల్లు పెట్టాలన్నా ఆరు మిల్లీమీటర్లే పెట్టాలి. దేవుడి పటానికీ అంతే, గీజరుకీ అంతే, ఏసీ స్టాండుకీ అంతే. ఇది మునిసిపాలిటీ వారి ఉత్తర్వేమీ కాదు. అసోసియేషన్ ఉమ్మడి డ్రిల్లింగ్ మిషన్‌కు ఎవరో మహానుభావుడు ఆరో నంబరు బిట్టు బిగించి, పని కానిచ్చుకుని, మిషన్ తెచ్చి ఇచ్చేసి, చక్ కీ మాత్రం ఇంట్లో ఉంచేసుకున్నాడు. కీ లేనిదే ఆ బిట్టు ఊడదు. మూడో అంతస్తులో ఒక గీజరు ఆరు మిల్లీమీటర్ల గిట్టీల మీదే వేలాడుతోంది. దాని కింద స్నానం చేసేవాళ్లకు దైవభక్తి బాగా పెరిగిందని విన్నాను.

చక్ కీ అంటే తెలియని పుణ్యాత్ములకు చెబుతున్నాను. టీ ఆకారంలో చిన్న ఇనపముక్క, కొసన పళ్లుంటాయి. చక్ అంటే బిట్టును పట్టుకునే డ్రిల్లు మూతి; దాని పక్కనున్న కన్నంలో కీని పెట్టి తిప్పితే లోపలి మూడు దవడలూ తెరుచుకుని బిట్టును వదులుతాయి. మన సంగతి కంపెనీవాడికి ముందే తెలుసు. అందుకే వైరుకు ఒక రబ్బరు పట్టీ తొడిగి, కీని అందులో దూర్చి మరీ పంపించాడు. పట్టీ ఇప్పటికీ వైరుకే ఉంది, నోరు తెరుచుకుని. నాలుగో అంతస్తు ఇంజినీరు గారు, సర్వీసంతా బాయిలర్లతో గడిపిన మనిషి, కీ లేకపోతేనేం అని కటింగ్ ప్లేయర్ పట్టించి తిప్పారు. బిట్టు కదల్లేదు, చక్ పళ్లు మాత్రం అరిగిపోయాయి. "పాపం, ఈ వయసులో కూడా ప్రయత్నించారు" అని అందరం మెచ్చుకున్నాం.

ఈ ఉమ్మడి సామాన్ల లైబ్రరీ ఆలోచన, మన మంచి ఆలోచనలన్నిటిలాగే, అమెరికా నుంచి వచ్చింది. వేసవిలో కొడుకు దగ్గరికి బే ఏరియా వెళ్లిన మా ప్రెసిడెంటు గారు బర్క్లీలో దీన్ని చూసొచ్చారు. అక్కడ 1979 నుంచి ఊరి గ్రంథాలయం వాళ్లే పుస్తకాలిచ్చినట్టు సుత్తులూ, రంపాలూ, నిచ్చెనలూ అరువిస్తున్నారు. ఒహాయోలోని కొలంబస్‌లో అయితే అంతకు మూడేళ్ల ముందు నుంచే ఇలాంటిది ఉంది. "ఏడాదికి రెండు చిల్లులు పెట్టేదానికి ఇంటికో డ్రిల్లు ఎందుకండీ?" అన్నారాయన. మాట నిజమే. చందాలు వేసుకున్నాం. డ్రిల్లు, అల్యూమినియం నిచ్చెన, పైపు రెంచి, స్పిరిట్ లెవెల్, గునపం, పార, ఒక రిజిస్టరు. బర్క్లీ నుంచి అన్నీ తెచ్చుకున్నాం గానీ గడువు అనే ముక్కను మాత్రం అక్కడే వదిలేసి వచ్చాం.

మా దగ్గర వస్తువు పట్టుకెళ్లడానికి వారంలో ఏడు రోజులూ మంచివే. తిరిగి ఇవ్వడానికే ముహూర్తం కుదరదు. శుక్రవారం ఇంట్లోంచి ఏదీ బయటికి పోకూడదు. శనివారం ఇనుము చేతులు మారకూడదు. మంగళవారం మాట ఎత్తనే వద్దు. ఆదివారం రెస్టు. మిగతా మూడు రోజులూ ఆఫీసు టెన్షన్. నిచ్చెన రెండో అంతస్తు బాల్కనీలో చిక్కుడుపాదును మోస్తోంది. అడగబోతే "ఇప్పుడు పూత మీదుందండీ, కదిపితే రాలిపోతుంది" అన్నారావిడ. తర్వాత కాయలు కాశాయి. ఇంటింటికీ ఒక గిన్నెడు పంపించారు. కూర వండుకు తిన్న నోటితో ఇక నిచ్చెన ఎలా అడుగుతాం?

ఇక చక్ కీ మీద జరిగిన అత్యవసర సర్వసభ్య సమావేశం గురించి చెప్పాలి. సెల్లార్లో కుర్చీలు వేశారు. సమోసాలు తెప్పించారు, వాటి ఖర్చుతో కొత్త కీలు ఓ పది వచ్చేవి. చివరగా డ్రిల్లు తీసుకున్న పెద్దమనిషి లేచి, "నేను తీసుకున్నది డ్రిల్లు, ఇచ్చింది డ్రిల్లు. రిజిస్టర్లో కీ అని ఎక్కడుందో చూపించండి" అన్నారు. చూశాం. లేదు. రిటైర్డ్ వకీలు గారు గొంతు సవరించుకుని 1872 నాటి కాంట్రాక్టు చట్టం విప్పారు. సెక్షన్ 151 ప్రకారం ఒకరు అప్పగించిన వస్తువును, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నట్టు చూసుకోవాలట. "అలాంటి మనిషి మన బ్లాకులో ఎవరున్నారండీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. అందరూ సమోసాల వైపు చూశారు. సెక్షన్ 160 ప్రకారం పని తీరిపోయాక అడక్కుండానే తిరిగి ఇచ్చెయ్యాలని ఆయన చదివారు. "అడక్కుండానే" దగ్గర ఒకాయనకు నవ్వాగక పొలమారింది.

అప్పుడు ఐదో అంతస్తు పెద్దాయన అసలు కారణం బయటపెట్టారు. "ఈ సామాన్లు పెట్టిన అల్మారా ఏ మూల ఉంది? ఈశాన్యం. ఈశాన్యంలో ఇనప బరువు పెట్టి వస్తువులు నిలవలేదంటే ఎలా నిలుస్తాయి?" సభ మొత్తం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. తప్పు మనుషులది కాదు, మూలది. బరువు నైరుతిలో ఉండాలి. మా సెల్లార్లో నైరుతి అంటే వాచ్‌మన్ గది. ఒక్క చేయి కూడా అడ్డం లేవకుండా తీర్మానం పాసైంది.

ఆ గదిలో నలుగురు పడుకుంటారు. ఇప్పుడు ఒక ఇనప అల్మారా కూడా పడుకుంటోంది. మర్నాటి నుంచి "నీ గదిలో ఉంది కాబట్టి సామాన్ల బాధ్యత నీదే" అన్నారు. నెలాఖరుకు పాడైన చక్ కింద అతని జీతంలో రెండు వేలు కోశారు. అల్మారా అతని గదికి రాకముందు పోయిన కీకి, ఇంజినీరు గారి చేతిలో అరిగిన పళ్లకి, అతని జీతంలో కోత! ఆ డ్రిల్లు అతనెప్పుడూ వాడలేదు. ఆ గది గోడకు మేకు దిగితే పెచ్చులే ఊడతాయి, వాడడానికి గోడేదీ? లిఫ్టులో పట్టని నిచ్చెనను ఐదంతస్తులూ మోసింది మాత్రం అతనే. సిగ్గు లేకపోతే సరి. కారు కడిగినందుకు నెలకు మూడు వందలివ్వడానికి బేరమాడేవాళ్లు రెండు వేలు కోసేటప్పుడు ఒక్కరూ "ఎందుకు?" అనలేదు.

కీ దొరికింది కూడా. ఒక ఇంట్లో కాఫీ తాగుతూ తలెత్తితే ఫ్రిజ్ మీది గిన్నెలో, పాత బ్యాటరీలకీ రబ్బరు బ్యాండ్లకీ మధ్య కనపడింది. "ఓ, ఇదా! మిక్సీదేమో అనుకున్నామండీ" అన్నారు. తెచ్చి ఆఫీసు రూములో ఇచ్చాను. కోత వెనక్కి ఇవ్వండి అంటే, "లెక్కలు క్లోజయిపోయాయి సార్" అన్నారు ట్రెజరర్ గారు.

సరే. వచ్చే నెల నా మెయింటెనెన్సులో రెండు వేలు తగ్గించి కడతాను. ఆ రెండు వేలూ ఎవరి చేతికి వెళ్లాలో వాళ్ల చేతికే ఇస్తాను. బాకీ కింద నా ఫ్లాట్ నంబరు లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద అంటించుకోండి. బోర్డు ఊడి వేలాడుతోంది, ముందు దానికి మేకు కొట్టించండి. చిల్లు ఎంతదో మీకు తెలుసు.