డ్రై వైన్ కోసం వైన్స్‌కు పోతే

హన్మకొండ చౌరస్తా నుంచి ఏ దిక్కు నడిచినా ఒక వైన్స్ తగులుతుంది. అందులో దొరకనిది వైన్ ఒక్కటే. ఈ సంగతి నాకు అరవై మూడేళ్లకు తెలిసింది, అదీ కూరలోకి తెమ్మని మా ఆవిడ పంపితే.

నాకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, నూనె తగ్గించమన్నాడు, రాత్రిపూట జొన్నరొట్టె తినమన్నాడు. మూడు నెలలు ఉడకబెట్టిన సొరకాయ తిన్నాక నా మొహం కూడా అలాగే తయారైంది. మా ఆవిడకు జాలేసి ఫోన్లో వంటలు వెతికింది. ఫ్రాన్స్‌లో కోడిని ఎర్ర వైన్‌లో ఉడికిస్తారట. ఆ పులుపుకు ఉప్పు తగ్గినా నాలుకకు తెలియదట.

ఏ వైన్ తేవాలని డాలస్‌లో ఉన్న మా అబ్బాయిని అడిగితే పెద్ద క్లాసే తీసుకున్నాడు. "బాపూ, ద్రాక్షరసంల ఉన్న చక్కెరను, దాన్ని పులియబెట్టే ఈస్టు తింటది. దాదాపు అంతా తింటే అది డ్రై వైన్. లీటరుకు 4 గ్రాముల లోపే మిగులుతది. పోర్ట్ అనే తీపి వైన్ జోలికి పోకు. అండ్ల మధ్యలనే స్పిరిట్ పోసి ఈస్టును ఆపుతరు, లీటరుకు 100 గ్రాముల దాకా చక్కెర ఉంటది. ఇక్కడ కుకింగ్ వైన్ అని అమ్ముతరు గానీ దాంట్ల ఉప్పు కలుపుతరు. నీ బీపీకి అదీ వద్దు."

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, అంకెలు మర్చిపోతానా? మర్చిపోయింది కళ్లద్దాలు.

పెళ్లిళ్లలో కూడా ముట్టని మనిషిని, మంకీ క్యాప్ పెట్టుకుని పోయాను. అది ఏప్రిల్ నెల. జాలీ ముందు చేతులన్నీ లోపలికే ఉన్నాయి. వెనక నిలబడి గొంతు సవరించుకున్నానో లేదో, ముందున్నవాడు తిరిగి చూసి కేక పెట్టాడు. "అరే జరుగుండ్రి, మా లెక్కల సారొచ్చిండు!" గుంపు రెండుగా చీలిపోయింది. నా ఉద్యోగ జీవితంలో ఏ క్లాసూ నాకు అంత మర్యాద ఇవ్వలేదు.

"డ్రై కావాలె" అన్నాను మెల్లగా.

కౌంటర్ పిల్లవాడు నన్ను ఎగాదిగా చూశాడు. "డ్రై డే అక్టోబర్ రెండుకు సార్. ఇయ్యాల ఓపెనే."

"డే కాదు బాబూ, వైన్. డ్రై వైన్."

"వైన్ తడిగనే ఉంటది గద సార్?"

నా శిష్యుడు కల్పించుకుని "సారుకు సోడా వద్దట రా, డ్రైగ తాగుతడట" అని అర్థం చెప్పాడు. వెనక ఎవరో "మొనగాడే" అన్నారు. పిల్లవాడు పైఅర నుంచి దుమ్ము పట్టిన సీసా ఒకటి దింపి, నిక్కరుకు తుడిచి, నల్ల కవర్‌లో పెట్టాడు. పేరు చదవడానికి అద్దాలు లేవు, ధైర్యమూ లేదు.

ఇంటికొచ్చి అద్దాలు పెట్టుకుంటే పోర్ట్. కింద చిన్న అక్షరాల్లో స్వీట్ అని కూడా ఉంది.

అప్పటికే చికెన్ నానబెట్టి, గ్యాస్ మీద గిన్నె పెట్టిన మా ఆవిడ ఆగే స్థితిలో లేదు. "మరిగితే అంతా ఎగిరిపోతది గద?" అంది. ఫోన్లో అబ్బాయి నెత్తి కొట్టుకున్నాడు. "మందే మొత్తం పోదమ్మా. పావుగంట మరిగినంక గూడ 40 శాతం ఉంటది. రెండున్నర గంటలు మరిగిస్తే 5 శాతానికి వస్తది. చక్కెరైతే ఎటూ పోదు, మరిగిన కొద్దీ పాకమైతది."

"రెండున్నర గంటలా? సిలిండర్ నీ కొడుకు పంపుతడా?" అని నావైపు చూసింది. ఫోన్ చెవిలో ఉన్నది ఆమె కొడుకు కూడా అని గుర్తు చేసే సమయం కాదది. చివరికి చింతపండు పులుసు పోసి, నాలుగు కరివేపాకు రెబ్బలు వేసి దించింది. ఉప్పు తక్కువైందని నేను అనలేదు.

తెల్లారి భద్రకాళి చెరువు కట్ట మీద వాకింగ్‌కు పోతే ఇద్దరు రిటైర్డ్ సార్లు ఎదురొచ్చి, "సోడా లేకుంట ఎట్ల దిగుతది సారూ?" అని ఎంతో గౌరవంగా అడిగారు.

సీసా మూత మా అమ్మ తీసింది. చెంచాడు నాలుక మీద వేసుకుని చప్పరించి, "దగ్గు మందు లెక్కనే ఉన్నది బిడ్డా" అంది. ఆ రాత్రి నుంచి ఆమెకు సరిగ్గా తొమ్మిది గంటలకు దగ్గు వస్తోంది.