రాత్రి లేని ఊళ్ల కథలు

గాబ్రియల్ ఒకారా రాసిన 'నన్ నది పిలుపు' కవితకు 1953లో నైజీరియాలో బహుమతి వచ్చింది. దూరాన కొండల మధ్య ఉన్న మనిషి తన చిన్ననాటి నదిని తలుచుకుని బెంగపడే కవిత అది. మూడేళ్లు తిరిగేసరికి ఆ నది పారే నైజర్ డెల్టాలోనే, ఒలోయిబిరి అనే ఊరి దగ్గర చమురు పడింది. ఆ తర్వాత అక్కడి కవులకు నది మీద అంత నిశ్చింతగా బెంగపడే అదృష్టం దక్కలేదు.

ఆఫ్రికా ప్రకృతి అనగానే మనకు సింహాలు, ఏనుగులు, గడ్డి మైదానాలు గుర్తొస్తాయి. ఆ బొమ్మ చాలావరకు వేటకో షికారుకో వచ్చిన బయటివాళ్లు గీసిందే. డెల్టా రచయితలు పర్యావరణం గురించి రాస్తే అందులో తాగే నీళ్లుంటాయి, ఖాళీగా పైకొచ్చే వల ఉంటుంది, నూనె తెట్టు కట్టిన కర్రపెండలం చేను ఉంటుంది. బావుల దగ్గర గ్యాస్‌ను రాత్రీ పగలూ తగలబెడుతుంటే చీకటి ఎలా ఉంటుందో తెలియకుండా పెరిగిన పిల్లలుంటారు.

కానీ దీన్ని కథగా రాయడం కష్టం. డెల్టాలోని ఒగోని ప్రాంతం మీద ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2011లో ఇచ్చిన నివేదికలో, ఒకచోట తాగే నీళ్లలో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ అనే రసాయనం ఉండాల్సిన హద్దుకు 900 రెట్లు మించి ఉందని తేల్చారు. శుభ్రం చేయడానికి 25 నుంచి 30 ఏళ్లు పడుతుందన్నారు. నివేదికకు ఆ అంకెలు చాలు. నవలకు ఏదో ఒకటి జరగాలి, ఇక్కడేమో విషం ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఇంకుతుంది. చమురు కాలుష్యం మీద ఒగోని ప్రజల ఉద్యమాన్ని నడిపిన కెన్ సారో-వివా పేరున్న నవలాకారుడు, టీవీ సీరియల్ రచయిత. అయినా చమురు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఎక్కువగా కరపత్రాలు, ప్రసంగాలు, జైలు డైరీనే నమ్ముకున్నాడు. బహుశా కల్పనకు అంత టైమ్ లేదనుకున్నాడేమో. 1995 నవంబర్ 10న సైనిక ప్రభుత్వం ఆయన్నీ మరో ఎనిమిది మందినీ ఉరి తీసింది.

తర్వాతి తరం మళ్లీ కల్పన వైపే వచ్చింది. హెలోన్ హబీలా 2010లో రాసిన 'ఆయిల్ ఆన్ వాటర్'లో ఒక బ్రిటిష్ ఇంజినీరు భార్య కిడ్నాప్ అవుతుంది, ఆమె కోసం విలేఖరులు పడవలెక్కి డెల్టాలోకి వెళ్తారు. తెల్లామె మాయమైతే తప్ప ఆ ఊళ్ల వైపు ఎవరూ చూడరన్న ఎత్తిపొడుపు నాకు నచ్చింది. అయితే 'ఆమె దొరుకుతుందా లేదా' అన్న టెన్షన్‌లో పడి నేను కొన్నిచోట్ల నదిని చూడకుండానే పేజీలు తిప్పేశాను. పట్టు కోసం పన్నిన కథ చివరికి అసలు విషయాన్నే కాస్త మింగేసింది.

ఇంబోలో ఎంబూయె నవల 'హౌ బ్యూటిఫుల్ వుయ్ వర్' (2021) ఆ ఉచ్చులో పడలేదు. కోసావా అనేది ఊహించిన ఊరు, చమురు తీసేది ఒక అమెరికన్ కంపెనీ. కథలో కొంత భాగాన్ని ఆ ఊరి పిల్లలంతా కలిసి 'మేము' అంటూ చెబుతారు. తోటి పిల్లలు చనిపోతుంటారు, 'మేము'లో మనుషులు తగ్గుతారు, మిగిలినవాళ్లు పెద్దవాళ్లవుతారు, ముసలివాళ్లవుతారు. గొంతు మాత్రం ఆగదు. నెమ్మదిగా చంపే విషాన్ని అంతే నెమ్మదిగా చెప్పడానికి నేను చదివినవాటిలో ఇంతకంటే మంచి ఉపాయం కనిపించలేదు.

రచయిత్రి కామెరూన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డారు. హబీలా కూడా అక్కడే పాఠాలు చెబుతారు. దూరంగా కూర్చుని రాస్తున్నారన్న విమర్శ సులువే. కానీ కోసావా అమ్మాయి థూలా చదువుకోవడానికి న్యూయార్క్ వెళ్తుంది, అంటే తన ఊరిని పాడు చేస్తున్న కంపెనీ సొంత దేశానికే. ఆ ఇరకాటం బయటికి వెళ్లినవాళ్లకే బాగా తెలుస్తుంది.

సారో-వివాకూ ఆయనతోపాటు ఉరికెక్కినవాళ్లకూ 2025 జూన్‌లో నైజీరియా అధ్యక్షుడు క్షమాభిక్ష ప్రకటించారు. ఏ నేరానికి క్షమాభిక్ష, నిర్దోషులని చెప్పండి అని ఉద్యమకారులు అడిగారు. 1993లో ఒగోనిలో ఆగిపోయిన చమురు తవ్వకాన్ని మళ్లీ మొదలుపెట్టే చర్చలు కూడా అదే ఏడాది నడిచాయి.